ఉప్పమ్మ నాలుక

ఆ మడ మొక్కల నర్సరీలో అందరూ ఆమెను ఉప్పమ్మ అనే పిలిచేవారు. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినిపించేది కాదు. తొట్టెలోని నీళ్లలో వేలు ముంచి నాలుకకు రాసుకుని, "ఇంకో రెండు బిందెలు మంచినీళ్లు కలపండి" అందంటే అంతే, దానికి తిరుగులేదు. ఉప్పు కొలవడానికి ఆఫీసువాళ్లు ఒక మీటరు పంపిస్తే, "నోట్లో ఇంత నాలుక పెట్టుకుని ఆ డబ్బాను అడగాలా?" అని నవ్వింది. ఆ డబ్బా అలమారలోనే ఉండిపోయి, ఉప్పుగాలికి తుప్పు పట్టింది. గొప్పలు కాస్త ఎక్కువే గానీ, ఇరవై రెండేళ్లలో ఆమె నాలుక తప్పిన రోజు లేదు.

మడ మొక్క తంతే వేరు. ఉప్పునీళ్లలో బతకడానికే పుట్టినా, పసితనంలో ఉప్పు ఎక్కువైతే తట్టుకోలేదు. మంచినీళ్లతో మొదలుపెట్టి, వారం వారం కాస్త కాస్త ఉప్పు పెంచుతూ దాన్ని సముద్రానికి అలవాటు చేయాలి.

ఉప్పుటేరు ఒడ్డున ఉండాల్సిన అడవిని రొయ్యల చెరువులు ఏనాడో మింగేశాయి. ఒక జాతిలో ఒకే ఒక్క పెద్ద చెట్టు మిగిలింది. నిరుడు గాలివానకు అదీ కూలింది. కొమ్మల మీదే మొలకెత్తి వేలాడుతున్న దాని కాయల్ని ఉప్పమ్మ మోకాళ్ల లోతు బురదలో దిగి బుట్టలోకి ఏరుకొచ్చింది. మూడు వందల పన్నెండు. వాటిని బతికించి ఒడ్డున నాటితే అడవి మళ్లీ మొదలవుతుంది. అవి పోతే ఆ జాతికి ఇక్కడ నీళ్లు వదులుకోవడమే.

చలికాలంలో ఆమెకు జ్వరం వచ్చింది. పది రోజులకు తగ్గింది గానీ, పోతూ పోతూ నోటి రుచిని పట్టుకుపోయింది. ఉప్పమ్మ తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనలేదు. ఉప్పు తెలియని ఉప్పమ్మను ఎవరు లెక్కచేస్తారు? రోజూ వేలు ముంచింది, నాలుకకు రాసుకుంది, కాసేపు కళ్లు మూసుకుని, పాత అలవాటు కొద్దీ బిందెల లెక్క చెప్పింది. చలికాలం ఎలాగో గడిచింది. ఎండలు ముదిరితే తొట్టెల్లో పోసే ఏటినీళ్లలో ఉప్పు పెరుగుతుందని ఆమెకు తెలియక కాదు. ఎంత పెరిగిందో తెలియలేదు. అందాజుగా మరో బిందె కలిపించి ఊరుకుంది.

ఆకుల అంచులు మాడడం మొదలైంది. తెగులని మందు కొట్టించింది. తెగులే అయితే బాగుండునని లోలోపల మొక్కుకుంది కూడా.

ఒక పొద్దున నర్సరీ సూపర్‌వైజరు తన మీటరు తెచ్చి తొట్టెలో ముంచాడు.

"ఉండాల్సినదానికి రెట్టింపు ఉంది! నువ్వుండగా ఇదెలా జరిగింది ఉప్పమ్మా?"

పైవాళ్లకు కబురు చెప్పాలంటూ అతను మీటరుతో సహా పడవెక్కి వెళ్లిపోయాడు. ఉప్పమ్మ ఒక్కో మొక్కనూ గోటితో గీకి చూసింది. పచ్చదనం ఉన్నవి పదకొండే.

మధ్యాహ్నానికి మొగుడు వెతుక్కుంటూ వచ్చాడు. వలలు అల్లే మనిషి. వేళ్లలో ఎంత ఓర్పో మాటలోనూ అంతే ఓర్పు.

"నా నాలుక చచ్చిపోయిందయ్యా. జ్వరం వచ్చినప్పటి నుంచీ ఉప్పే తెలియడం లేదు" అని బావురుమంది.

"తెలుసే" అన్నాడతను మెల్లగా. "కూరలో ఒకరోజు ఉప్పే ఉండదు, ఒకరోజు సముద్రమే ఉంటుంది. తెలియకేం?"

"మరి సరిపోయిందా అని రోజూ అడిగానుగా! సరిపోయిందనేగా అన్నావు!"

"జ్వరంపడి లేచినదానివి, బాధపడతావని..."

"నీ జాలి మండిపోనూ! ఒక్కపూట కంచం విసిరికొట్టి ఉంటే ఇవన్నీ బతికేవి కదయ్యా!"

అరిచింది అతని మీదే గానీ, ఆమెకు అసహ్యం వేసింది తన మీదే. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ పదకొండింటినీ వేరే తొట్టెలోకి మార్చింది. ఉన్న ఉప్పులోనే ఉంచితే పొద్దుగూకేలోపు పోతాయి. ఉప్పును ఒక్కసారిగా తగ్గించేసినా వేర్లు తట్టుకోవు. పనివాళ్లు అప్పటికే ఇళ్లకు వెళ్లిపోయారు. రుచి చూసి చెప్పడానికి మొగుడు తప్ప చుట్టుపక్కల ఇంకో మనిషి లేడు.

బిందెలో ఏటినీళ్లూ మంచినీళ్లూ కలిపి అతని ముందు పెట్టింది.

"చూడు. కన్నీళ్లంత ఉప్పుండాలి. అంతకు మించకూడదు, తగ్గకూడదు. నా మొహం చూడకు. నీళ్ల సంగతి చెప్పు."

అతను వేలు ముంచి నాలుకకు రాసుకున్నాడు. చూడొద్దన్నా ఆమె మొహంలోకే చూశాడు. ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్లు.

"సరిపోయింది" అన్నాడు.

అదే మాట, అదే గొంతు. ఇన్నాళ్లూ కంచం ముందు కూర్చుని అన్నదీ ఇలాగే. ఉప్పమ్మ బిందె ఎత్తి, మొక్కల మీదికి వంచలేక, కింద పెట్టలేక, అలాగే పట్టుకుని నిలబడిపోయింది.