మా సందు గునుగు

మా సందు చివరి పార్కును కాలనీ సంఘం అధ్యక్షుడే బాగుచేయించాడని ఎవరైనా అంటే, ఇప్పటికీ నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఏం చేశాడట ఆయన? వాట్సాప్ గ్రూపులో దండాల బొమ్మలు పెట్టాడు. పార పట్టింది మేము.

అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల వెనక సందు మాది. నేను బ్లౌజులు కుట్టే షాపుకు ఎదురుగానే ఆ పార్కు. పేరుకే పార్కు. తుప్పు పట్టిన గేటు, తెగిన ఉయ్యాల, హాస్టళ్ల వాళ్లు పారబోసే సాంబారన్నం, దాని మీద కోచింగ్ కరపత్రాలు. కంపు భరించలేక తలుపు సగం మూసుకుని మిషన్ తొక్కేదాన్ని. అందరికీ చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది. చివరికి మా పై వాటాలో ఉండే గుంటూరు వైపు ఆమె, నేను వదినా అని పిలిచే ఆమె, ఇంకా ఎవరి కోసం చూస్తామండీ అని కొంగు బిగించి దిగింది. ఆమె వెనక నేను, నా వెనక సందులో ఆడవాళ్లంతా. వేసవంతా చెత్త ఎత్తాం. అధ్యక్షుడు ఒకసారి వచ్చి, మా పార పట్టుకుని ఫొటో దిగి వెళ్లాడు.

వానలు పడగానే ఇంటికో మడి పంచుకున్నాం. వదిన గోంగూర వేసింది. నేను దాన్ని పుంటికూర అంటే నవ్వేది, కానీ కోసినప్పుడల్లా నాకు ఒక కట్ట ఇచ్చేది. నా మడిలో నేను పుట్టింటి నుంచి తెచ్చిన గునుగు గింజలు చల్లాను. నిజమే, చేలో అది కలుపే. మా నాన్న జొన్నల్లోంచి పీకి పారేసేవాడు. కానీ గట్టు మీద మొలిచిన గునుగును మాత్రం ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు, ఎందుకంటే అది బతుకమ్మకు కావాలి. ఈ సందుకు కాపురానికి వచ్చిన నాటి నుంచి పంజాగుట్టలో రోడ్డు పక్కన వాడిపోయిన కట్టలు కొని పండుగ చేస్తున్నదాన్ని. ఒక్కసారి, నా చేత్తో పెంచిన పువ్వుతో బతుకమ్మ పేర్చాలని నా ఆశ. అంతకన్నా ఆ పార్కు నుంచి నాకేమీ అక్కర్లేదు.

భాద్రపదం చివరికి మడంతా తెల్లటి కంకులు, కొసన గులాబీ రంగు. అమావాస్య నాడు మొదటి బతుకమ్మ. ముందురోజు మధ్యాహ్నం బుట్ట పట్టుకుని పూలు కోయడానికి వెళ్లాను. మడి లేదు. వదిన గోంగూర లేదు. పార్కంతా చాపల్లా చుట్టి తెచ్చిన పచ్చగడ్డి పరుస్తున్నారు. గేటుకు కొత్త బోర్డు: గడ్డి తొక్కరాదు.

అధ్యక్షుడు అక్కడే నిలబడి పని చేయిస్తున్నాడు. ఆయనేమీ బయటినుంచి వచ్చినవాడు కాదు, మా జిల్లావాడే. అందుకే నాకు ఇంకా మండింది.

"గది గునుగు అన్నా. మీ అమ్మ బతుకమ్మ పేర్వలేదా?" అన్నాను.

"పేర్చిందేమో అక్కా, నాకేం యాదికుంది? పిచ్చిగడ్డి లెక్క ఉండె, సాఫ్ చేపిచ్చిన. ఎల్లుండి కార్పొరేటర్ సారు రిబ్బన్ కట్ చెయ్యనీకి వస్తుండు గదా."

చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునేవాళ్లను చూశాను. చెట్టునే నరికి అమ్ముకునేవాణ్ణి అప్పుడే చూశాను. నోటికొచ్చిందల్లా అన్నాను. అవి ఇక్కడ రాయలేను, రాయాలని మాత్రం ఉంది.

కోసిన మొక్కలన్నీ సందు మొదట్లో ట్రాన్స్‌ఫార్మర్ కింద పడేశారు. వాటి మీద హాస్టల్ వాళ్లు అప్పుడే మధ్యాహ్నపు అన్నం కుమ్మరించారు. నేను చీర ఎగ్గట్టి ఆ కుప్పలో కూర్చున్నాను. ఏడుస్తూ, తిడుతూ ఒక్కొక్క కంకీ లాగాను. కాసేపటికి వదిన వచ్చి పక్కన కూర్చుంది. ఇద్దరం నల్లా కింద కడిగాం. ఆమె చేయి మధ్యలో ఆగింది.

"ఎంగిలి మెతుకులు పడ్డాయి కదండీ వీటి మీద. దేవుడికి పెట్టొచ్చంటారా?"

పాపం, ఆమెకు తెలియదు. ముందురోజు కోసి నీళ్లలో ఉంచిన పూలతో పేరుస్తాం కనుక మొదటి రోజుకు ఆ ఎంగిలి పేరే వచ్చిందని.

"రేపు ఎంగిలిపూల బతుకమ్మే వదినా," అన్నాను.

మర్నాడు సాయంత్రం గేటు బయట, రోడ్డు మీదే బతుకమ్మను పెట్టి ఆడాం. బైకులు, ఆటోలు హారన్ కొట్టాయి, ఎవరూ జరగలేదు. వదినకు అడుగు కుదరక చప్పట్లు ముందే కొట్టేసింది. అధ్యక్షుడు బాల్కనీలోంచి చూసి లోపలికి పోయాడు. దగ్గర్లో చెరువు లేదు కనుక పెద్ద టబ్బులో నిమజ్జనం చేశాం. నీళ్లలో కంకులు రాల్చిన నల్లటి గింజలు ఆవాలకన్నా చిన్నగా తేలుతున్నాయి.

ఆ నీళ్లు ఎక్కడ పోయాలని వదిన అడిగింది. నేను చెప్పలేదు. టబ్బుకు ఒక పక్క పట్టమన్నాను. ఇద్దరం ఎత్తి, పార్కు గోడ మీదుగా ఆ కొత్త గడ్డి మీద కుమ్మరించాం. బోర్డు తడిసింది.

"అంత మందంగా గడ్డి పరిచాడు, మొలుస్తాయంటారా?" అంది వదిన.

"పిచ్చిగడ్డి గదా," అన్నాను. "ఎందుకు మొలవదు?"