ఇంజిన్ ఆపి తీసిన వేగం

పెళ్లి వీడియోలు తీసే ఆ పెద్దమనిషిని అందరూ స్టూడియో బావగారనే పిలుస్తారు. టైర్ల షాపు మీది మేడగది ఆయన స్టూడియో. మెట్లెక్కుతుంటే రబ్బరు వాసన, తలుపు తీస్తే ఆయన కబుర్లు. ఆయన కెమెరా ముందు నిలబడితే బల్లిని చూసి మంచమెక్కేవాడు కూడా వీరాధివీరుడైపోతాడు.

ఈ మధ్య పెళ్లికొడుకులకి స్పోర్ట్స్ కారు పిచ్చి పట్టుకుంది. వీడియోలో తాము ఆ కారు దూకుడుగా నడుపుకుంటూ రావాలి, అమ్మాయి తరఫువాళ్లు నోళ్లు వెళ్లబెట్టాలి. తీరా చూస్తే వీళ్లలో సగం మందికి స్కూటర్‌కి స్టాండు వేయడమే గగనం. అందుకని బావగారు ఒక ఉపాయం కనిపెట్టాడు. కారు అద్దెకు తెచ్చి, ఇంజిన్ ఆపేసి, కింద టైర్ల షాపులో పనిచేసే నలుగురి చేత వెనకనుంచి తోయిస్తాడు. వాళ్లు కెమెరాకి కనపడకుండా నడుం వంచి తోస్తుంటారు. పెళ్లికొడుకు నల్ల కళ్లద్దాలు పెట్టుకుని ఒంటి చేత్తో స్టీరింగు పట్టుకుంటాడు. తర్వాత బావగారు తీరిగ్గా కూర్చుని వేగం పెంచి, ఇంజిన్ గర్జన కలుపుతాడు. క్రాఫు ఎగరడం సంగతి టేబుల్ ఫ్యాన్ చూసుకుంటుంది.

ఒకాయనైతే తోస్తుండగానే, "కొంచెం మెల్లగా పోనివ్వండయ్యా, కళ్లు తిరుగుతున్నాయి" అని బతిమాలాడు. ఆయనే వీడియో చూసుకున్నాక, మలుపులో బండిని తాను ఎలా అదుపు చేశాడో స్నేహితులకి పూసగుచ్చినట్టు చెప్పాడు. బావగారు పక్కనే ఉండి అవునవునన్నాడు. గిరాకీ పోగొట్టుకుంటాడా మరి!

అలాంటి బావగారింట్లో సొంత బావమరిది పెళ్లి కుదిరింది. అత్తామామలు పోయాక ఆ చిన్నోణ్ణి ఆయనే తెచ్చి పెంచాడు. చదివించాడు, మందుల షాపులో ఉద్యోగం ఇప్పించాడు. ఆయనకి పిల్లలు లేరు, వాడంటే పంచప్రాణాలు. అందుకే వాడి వీడియోకి అందరికన్నా ఎక్కువ వేగం పెంచాడు. ఆయన ముద్దు చేసే తీరు అంతే.

చిన్నోడు మొదట్లో ఆ వీడియో చూసి, తోసినవాళ్ల ఆపసోపాలు తలుచుకుని పడీపడీ నవ్వేవాడు. చూడగా చూడగా నవ్వడం మానేశాడు. దగ్గు మందుకొచ్చినవాళ్లకి కూడా చూపించి, వాళ్లు ఆహా అనేదాకా సీసా చేతికిచ్చేవాడు కాదు. పెళ్లి దగ్గరపడేసరికి, "అంతా స్టీరింగు పట్టడంలోనే ఉంది బావా" అనడం మొదలుపెట్టాడు. బావగారు నవ్వి ఊరుకున్నాడు.

విందు రోజు హాల్లో పెద్ద తెర మీద వీడియో వేశారు. ఒకటే చప్పట్లు. పెళ్లికూతురి బాబాయి ఉత్సాహం పట్టలేక లేచాడు.

"తెర మీదెందుకండీ, బండి వాకిట్లోనే ఉందిగా! అల్లుడుగారూ, మా అమ్మాయిని ఒక్క రౌండు తిప్పుకురండి!"

ఫొటోల కోసం ఆ కారు తెప్పించింది బావగారే. తాళాలు ఆయన జేబులోనే ఉన్నాయి. చిన్నోడు వచ్చి చెయ్యి చాపాడు.

"ఒరేయ్, ఈసారి ఇంజిన్ ఉంటుందిరా," అన్నాడు బావగారు వాడి చెవిలో.

"నాకు తెలీదా బావా? అంత నడిపినవాణ్ణి!"

వాడు బుకాయించడం లేదు, మనస్ఫూర్తిగా నమ్ముతున్నాడు. ఇంతలో భార్య పక్కకొచ్చి, "ఇంతమందిలో మా తమ్ముణ్ణి నవ్వులపాలు చేశారంటే ఊరుకోను. గేటు దాకా వెళ్లొస్తాడు, ఇవ్వండి" అని పళ్లు బిగించింది. నిజం చెబితే వాడి పరువు పోతుంది, స్టూడియో కూడా మూతపడుతుంది. ఆయన తాళాలు తీసి ఇచ్చేశాడు.

పెళ్లికూతురు కారెక్కి కూర్చుంది. బావగారు కెమెరా పట్టుకుని పరిగెత్తుకెళ్లాడు.

"అమ్మాయ్, నువ్వు దిగాలి. వాడు వస్తుంటే నువ్వు ఎదురుచూస్తున్నట్టు ఒక షాట్ తీయాలి."

ఆమె దిగింది. చిన్నోడు ఒంటి చేత్తో స్టీరింగు పట్టుకుని, కెమెరా వైపు నవ్వుతూ, కాలితో యాక్సిలరేటర్ గట్టిగా నొక్కాడు. తోస్తే బద్ధకంగా కదిలిన బండే, ఇప్పుడు ఒక్క దూకు దూకింది. పూల కమాను కూల్చి, బాబాయిగారి కొత్త కారును గీరేసి, తిన్నగా వెళ్లి ప్రహరీగోడను గుద్దింది. బాబాయి ఇంకా చప్పట్లు కొడుతూనే ఉన్నాడు.

చిన్నోడి తొడ ఎముక విరిగింది. ఆస్పత్రి వరండాలో బావగారు కుర్చీలో కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. పెళ్లికూతురు వచ్చి పక్కన కూర్చుంది.

"అన్నయ్యగారూ, నన్ను దింపింది షాట్ కోసం కాదు కదూ?"

"కాదమ్మా. వాడికి కారు నడపడం రాదు. ఆ వీడియోలో నేనే మనుషుల చేత వెనకనుంచి తోయించాను."

ఆమె బావగారి వైపు తిరిగింది.

"మరి నన్ను దింపినట్టే ఆయన్నీ దింపొచ్చుగా?"

"నిన్ను దింపడానికి ఓ అబద్ధం సరిపోయిందమ్మా. వాణ్ణి దింపాలంటే నిజం చెప్పాల్సొచ్చేది."

ఆమె లేచి గది తలుపు తీసి పట్టుకుంది. లోపల కట్టుతో పడుకున్న చిన్నోడి మొహం బావగారిని చూడగానే వెలిగిపోయింది.

"గోడ దాకా బాగానే నడిపాను కదా బావా?"

"లేదురా నాన్నా," అన్నాడు బావగారు వాడి చెయ్యి పట్టుకుని. "నీకు నడపడం రాదు. నాకు తెలిసే తాళాలిచ్చాను."