ఒంటి సీటు

మా అక్క మొగుడంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మంట. పండ్ల మార్కెట్ గడ్డిఅన్నారం నుంచి బాటసింగారం పోయినా, పుచ్చకాయను కొట్టి చూసినట్టు దేన్నైనా వేలి కణుపులతో కొట్టి చూసే ఆ వ్యాపారి అలవాటు పోలేదు. నా నెత్తినీ వదల్లేదు.

విమానం నడపడం నేర్చుకున్నాక, పల్టీలు కొట్టడానికీ ఊళ్లు తిరగడానికీ చిన్న విమానం కొంటానని మమ్మల్ని కారులో తీసుకెళ్లాడు. రెండు సీట్లదాన్ని టకటకమని కొట్టి, "బరువున్నది" అని పెదవి విరిచాడు. ఒంటి సీటుదాన్ని కొట్టి, "గిదే. పల్టీలకు అల్కగుంటది" అన్నాడు.

"మరి నేనేడ కూసోవాలె?" అంది అక్క.

"నీకు బస్సున్నది గదనే."

అక్క నాతో బస్సెక్కి దిల్‌సుఖ్‌నగర్‌లోని మా ఇంటికొచ్చేసింది, మళ్లీ పోలేదు. ఇప్పుడాయన కారు కూడా ఒంటి సీటుదే.