అవ్వ అడిగిన ప్రశ్న: కండ్లకోయ దగ్గర ఒక సాయంత్రం

ఈ ప్రయాణం ఒక ఎర్ర గీతతో మొదలైంది. ఇంజనీరింగ్ మూడో సంవత్సరం డేటా ప్రాజెక్టు కోసం నేను రాసుకెళ్ళిన ప్రశ్న ఇది: "జాతీయ రహదారిపై ప్రమాదాలకు కారణాలేమిటి?" మా గైడ్ సరళ మేడమ్ దాన్ని అడ్డంగా కొట్టేసి, "దీనికి జవాబు రాయడానికి నీకు ఒక జన్మ చాలదు. ఏ జవాబు వస్తే నువ్వనుకున్నది తప్పని ఒప్పుకుంటావో ముందే తెలిసే ప్రశ్న రాసుకురా" అన్నారు. మా క్లాసులో అందరం చేసే తప్పే నేనూ చేశాను. ముందు నెట్‌లో దొరికిన డేటా దింపుకుని, తర్వాత దానికి సరిపోయే ప్రశ్న కోసం తంటాలు పడటం. చెప్పులు కొని కాళ్ళు వెతుక్కునే రకం మేము. సోమవారంలోగా సరైన ప్రశ్న లేకపోతే ఏదో దుకాణం అమ్మకాల మీద ప్రాజెక్టు చేయాలి. అది నా వల్ల కాదు. మాది ఇద్దరి జట్టు. ప్రాజెక్టు ఫారం మీద నా పేరు పక్కన శ్రావణి పేరు ఇంకా అలాగే ఉంది. మూడు నెలల కిందట, మా కాలేజీ బస్సు దిగే చోటే రోడ్డు దాటబోయి తను లారీ కింద పడి చనిపోయింది.

ఆ తర్వాత అమ్మానాన్నలు నన్ను మా కాలనీ నుంచి దేవరయాంజాల్‌లో పిన్ని ఇంటికి పంపేశారు. శనివారం కాలేజీకి సెలవు పెట్టి, మూడున్నరకు అక్కడే షేర్ ఆటో ఎక్కాను. కండ్లకోయ దగ్గర హైవే దాకా నలభై రూపాయలు, అరగంట. డ్రైవరన్న నా చేతిలోని అట్టను అద్దంలో చూశాడు.

"ఏంది మేడమ్, సర్వేనా? మల్ల రోడ్డు వెడల్పు జేస్తరా?"

"కాదన్నా, రోడ్డు దాటేవాళ్ళని లెక్కపెట్టడానికి."

"లెక్కవెట్టి ఏం జేస్తరు?"

నాకే తెలిస్తే మేడమ్ ఎర్ర గీత ఎందుకు గీస్తారు!

ఆటోలు ఆగేది మా బస్సు స్టాప్‌కు అవతలి వైపు. అక్కడే లక్ష్మవ్వ మిర్చీ బజ్జీల బండి ఉండాలి, లేదు. చూస్తే రోడ్డుకు అటు, సరిగ్గా బస్సు స్టాప్ పక్కన కనబడింది. ఎదురుగా డివైడర్‌లో ఒక సందు ఉంది, అర నిమిషంలో దాటేయవచ్చు. నేను దాటలేకపోయాను. వంతెన కింది దారి దాకా నడిచి, అవతలి వైపు నుంచి వెనక్కి వచ్చాను. నీడ లేదు, అంతా దుమ్ము. గడియారం చూసుకుంటే తొమ్మిది నిమిషాలు పట్టింది.

"బండి ఇటు మార్చావేంటి అవ్వా?"

జల్లిగరిటె నూనెలోనే వదిలేసి నా వైపు చూసింది. "నువ్వు ఆ బిడ్డ దోస్తువు గదా. పోరగాండ్లు నా మిర్చీల కోసమే రోడ్డు దాటుతున్నరని మస్తు పరేషానయిన. ఆ బిడ్డ పోయిన మూడో దినమే బండి ఇటు దెచ్చిన. దిగిన కాన్నే తింటరు, ఇగ దాటరు అనుకున్న. సూడు, గిప్పటికీ దాటుతనే ఉన్నరు. మరి నా మిర్చీల కోసం గాకుంటె ఎందుకు దాటుతున్నరు బిడ్డా?"

చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది నా పని. అవ్వ ఒకటి అనుకుంది. అది నిజమో కాదో తేల్చుకోవడానికి బండి ఒక్కటే మార్చి, మిగతావేవీ మార్చకుండా మూడు నెలలు గమనించింది. నేను వారం రోజులు లాప్‌టాప్ ముందు కూర్చుని ఆ పని చేయలేకపోయాను. అప్పుడే బండి పక్కన నిలబడి రాశాను: "సాయంత్రం నాలుగున్నర నుంచి ఐదున్నర దాకా ఈ స్టాప్‌లో దిగిన విద్యార్థుల్లో ఎంతమంది డివైడర్ సందులోంచి దాటుతున్నారు? వాళ్ళలో ఎంతమంది నేరుగా ఆటో ఎక్కుతున్నారు?" సగం మంది కూడా ఆటో ఎక్కకపోతే, ఆటోల కోసమే దాటుతున్నారని నేననుకున్నది తప్పు. గంటసేపు గీతలు పెట్టాను. ఆటో గడి నిండి కింది వరుసలోకి దిగింది. ఆటో ఎక్కనివాళ్ళ గడిలో గీతలు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్నే ఉన్నాయి.

"ఆటోల కోసం దాటుతున్నారవ్వా. నీ బండి ఎక్కడున్నా దాటేవాళ్ళే."

అవ్వ ఆ కాగితం చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. చదవడం రాదు, గీతలైతే తెలుస్తాయి. "అయితే ఆ బిడ్డ గుడ నా కాడికి రాలే గదా?"

శ్రావణికి ఆటోతో పనిలేదు. మా కాలనీ ఇటువైపే. ఆ రోజు తన బ్యాగు నా చేతికిచ్చి, "నీకూ మిర్చీలు తెస్తా" అంది. "ఉల్లిపాయలు ఎక్కువ వేయమను" అన్నాను నేను.

"కాదవ్వా. ఆటో కోసమే" అన్నాను.

అవ్వ స్టూలు మీద కూలబడి కొంగుతో ముఖం తుడుచుకుంది. తర్వాత లేచి రెండు మిర్చీలు కాగితంలో చుట్టి, అడగకుండానే ఉల్లిపాయలు బాగా వేసి నా చేతిలో పెట్టింది. ఆమె చూస్తుండగా తిన్నాను.

సోమవారం మేడమ్ ఆ ప్రశ్నకు టిక్కు పెట్టారు. మంచి ప్రశ్నకు చోటు, సమయం, లెక్కకు వచ్చే విషయం ఉండాలని ఇప్పుడు నాకూ తెలుసు. ఎందరు దాటుతున్నారో అది చెబుతుంది. ఆ ఒక్కతి ఎందుకు దాటిందో చెప్పదు. దానికి డేటా నా దగ్గర మాత్రమే ఉంది, దాన్ని ఏ పట్టికలోనూ రాయలేదు. మీరూ ఇలాంటి ప్రాజెక్టు మీద బయల్దేరుతుంటే ఒక్క మాట. ప్రశ్న ఇంట్లో కూర్చుని రాయకండి, నాలుగుంపావుకల్లా స్టాప్‌కు చేరి, రోజూ అక్కడుండే మనిషిని ఏం తెలుసుకోవాలనుందో అడగండి. ఆటో దిగాక సందులోంచి మాత్రం దాటకండి. వంతెన కింది నుంచి తొమ్మిది నిమిషాలే.