పగను వెంటబెట్టుకుని కూర్చున్న ఉదయాలు

మొన్న నా పాత ఆఫీసు స్నేహితురాలు ఫోనుకు ఒక ఫోటో పంపింది. ఇరవై ఏళ్ళ కిందట మాదాపూర్‌లో మా టీమంతా ఆఫీసు మెట్ల మీద నిలబడి తీయించుకున్నది. నడుమ చేతులు కట్టుకుని మా మేనేజరు. ఆయన కనిపించగానే నా వేలు నా ప్రమేయం లేకుండానే ఆ ముఖాన్ని తెర మీంచి పక్కకు తోసేసింది. అరవై దాటాయి, రోజూ కళ్ళు మూసుకుని కూర్చుంటావు, ఇంకా ఈ పగేమిటని మీరు అడగవచ్చు. మీ ఈడుదాన్నే కనుక మీ దగ్గర దాచను.

నాది సాఫ్ట్‌వేరును పరీక్షించే ఉద్యోగం. విదేశంలోని ఒక ఆసుపత్రి కోసం మేం తయారుచేస్తున్న ప్రోగ్రాములో, ఒకే పేరున్న రోగుల మందుల వివరాలు తారుమారవుతున్నాయని కనిపెట్టి, సరిచేసేదాకా పంపవద్దని మేనేజరుకు మెయిలు రాశాను. గడువు దగ్గర పడిందని ఆయన పంపేశారు. నెల తిరగకముందే అక్కడొక ముసలాయనకు ఇంకొకరి మందు ఇచ్చారట; ప్రాణం మీదికి వచ్చి, ఎలాగో బయటపడ్డారట. ఆ కబురు వచ్చిన రోజు మీటింగులో, అందరి ఎదుటా నావైపు చెయ్యి చూపి, “అంతా సరిగ్గా ఉందని ఈవిడ చెబితేనే పంపాను” అన్నారు మేనేజరు. మెయిలు ప్రింటు తీసి పైవాళ్ళ దగ్గరికి వెళితే, వాళ్ళు చదివి, ఇది బయట పడితే క్లయింటు మనకు దక్కడమ్మా అని మెత్తగా చెప్పి, వారంలోగా నన్నే ఇంటికి పంపారు.

అప్పుడూ మేం ప్రగతి నగర్‌లోని ఈ ఇంట్లోనే ఉండేవాళ్ళం. మా అత్తగారు కాకినాడ నుంచి వచ్చి మాతోనే ఉండేవారు. రోజూ స్నానం కాగానే బాల్కనీలో కుర్చీ వేసుకుని, జపమాల లేకుండా, పెదవి కదపకుండా గంటసేపు కూర్చోవడం ఆవిడ అలవాటు. ఏం చేస్తున్నారని ఎవరైనా అడిగితే, “వింటున్నాను” అనేవారు. ఉద్యోగం పోయి నేను గోడలు చూస్తూ ఉంటే, ఒక ఉదయం నాకూ ఒక కుర్చీ వేశారు. “దేవుణ్ణి అడగాల్సింది ఒక్కసారి అడిగెయ్యమ్మా. ఆ తరవాత విను” అన్నారు.

నేను అడిగింది ఒక్కటే: మా మేనేజరు ఎలా పడతాడో చూపించమని. కళ్ళు మూసుకోగానే ఆయన పతనం రకరకాలుగా కనిపించేది. అదే మీటింగు గదిలో తల వంచుకుని నిలబడేవారు, నా కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చేవారు. నిజం చెబుతున్నాను, ఆ గంట నాకు పాయసంలా ఉండేది. కొన్నాళ్ళకు, వాణ్ణి వదలకు అని లోపల నుంచి స్పష్టంగా వినిపిస్తోందండీ, దేవుడి మాటేనేమో అని అత్తగారితో అన్నాను. ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుని, “ఆయన అంత గట్టిగా అరవడమ్మా. అరుస్తున్నదెవరో చూసుకో” అన్నారు. నాకు ఆవిడ మీద కూడా కోపం వచ్చింది.

తరవాత కొత్తగూడలో వేరే కంపెనీలో చేరి, ఏళ్ళు గడిచి, పెద్ద పదవికే వచ్చాను. ఒకరోజు మా సంస్థలో ఆసుపత్రుల విభాగానికి అధిపతి ఉద్యోగం కోసం వచ్చిన దరఖాస్తుల్లో ఆయన పేరు చూశాను. ఇంటర్వ్యూ చేసే ముగ్గురిలో నేనొకదాన్ని. ఇప్పుడు ఫోటో పంపిన ఆ స్నేహితురాలే, కూకట్‌పల్లిలో పుట్టి పెరిగిన మనిషి, ఫోనులో, “అక్కా, దేవుడే నీ చేతిల వెట్టిండు. ఇడ్వకు, పగ తీర్సుకో” అంది.

ఇంటర్వ్యూ రోజు ఉదయం అత్తగారి పక్కన కూర్చున్నాను. లోపల ఆ గొంతు ఎన్నడూ లేనంతగా అరిచింది. దాన్ని ఆపబోకుండా అలాగే కూర్చున్నాను. ఎంతసేపటికో అలసిపోయి ఊరుకుంది. ఆ నిశ్శబ్దంలో మేనేజరు కనిపించలేదు. ఎవరి మందో మింగిన ఆ ముసలాయన గుర్తొచ్చారు. ఇన్నేళ్ళలో నా అవమానం తప్ప ఆయన ఒక్కసారీ నా తలపులోకి రాలేదని తెలిసి సిగ్గేసింది. ఏ మాటా వినబడలేదు గాని, ఏం అడగాలో మాత్రం తెలిసింది.

గదిలో నన్ను చూసి ఆయన ముఖం పాలిపోయింది. ఆ ఆసుపత్రి పనిలో ఏం జరిగిందో చెప్పమని మాత్రమే అడిగాను. నిజం చెప్పడానికి ఆయనకు దారి తెరిచే ఉంచాను. ఆయన నా కళ్ళలోకి చూస్తూనే, “టెస్టింగ్ వాళ్ళ పొరపాటండి అది” అన్నారు. అప్పుడు ఇన్నేళ్ళూ దాచుకున్న నా మెయిలు ప్రింటు తీసి మిగతా ఇద్దరి ముందు పెట్టాను. ఆ ఉద్యోగం ఆయనకు రాలేదు.

నేను జాలిపడ్డానని రాస్తే అబద్ధమవుతుంది. ఆ పూట అన్నం ఎంత రుచిగా ఉందో నాకింకా గుర్తుంది. సాయంత్రం అంతా చెబితే అత్తగారు మెచ్చుకోలేదు, తప్పుపట్టలేదు. “అడిగింది ముసలాయన కోసమా, నీ కోసమా?” అన్నారు. “రెండూనండి” అన్నాను. “పోనీలే, రెండని తెలిసింది” అని వంటింట్లోకి వెళ్ళిపోయారు.

అత్తగారు పోయి ఆరేళ్ళయింది. ఒకప్పుడు చెరువు వైపు పొలాలు కనిపించే ఆ బాల్కనీకి ఎదురుగా ఇప్పుడు ఇరవై అంతస్తుల గోడ. నేను అద్దాలు బిగించుకుని కూర్చుంటాను. బయటి చప్పుడు ఒక్కటీ లోపలికి రాదు. కాని ఈ మధ్య నా పగ అరవడం మానేసింది. వయసుతో పాటు అదీ నెమ్మదిగా, మర్యాదగా మాట్లాడడం నేర్చుకుంది. ఏది దాని మాటో, ఏది దేవుడి మాటో పోల్చి చెప్పేవాళ్ళు పక్కన లేరు.