అరచేతిలో చుక్క

మా వదిన నోరు మూసుకుని కూర్చోగా నేను చూసింది పరాయి దేశం వెళ్లాకే. అంతకు ముందు ఆవిడ మాట్లాడకుండా ఉండేది నిద్రలో మాత్రమే, అదీ అప్పుడప్పుడు. కూరలబండి అతనితో వంకాయల బేరం మొదలుపెట్టి, అతని కూతురి పెళ్లి సంబంధం దాకా వెళ్లిపోయే మనిషి. ఆడపడుచుని కాబట్టి దెప్పుతున్నానని అనుకోకండి. ఈ మాట ఆవిడ ఎదురుగానే ఎన్నోసార్లు అన్నాను, ఆవిడ కూడా నవ్వింది.

అన్నయ్యకు అక్కడ ఒక పెద్ద గోడౌన్లో పని. నేను అప్పటికే అదే ఊళ్లో నర్సుగా చేస్తున్నాను, ముగ్గురం ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. ఆ ఊరి భాష వదినకు ఒక్క ముక్క రాదు. "మీ అన్నయ్య సంపాదిస్తారు, నువ్వు మాట్లాడతావు, నేను వండి పెడతాను. ఇంకేం కావాలి?" అనేది. అలా హాయిగా సాగుతుండగా అన్నయ్య గోడౌన్లో నిచ్చెన మీంచి పడి మోకాలి చిప్ప పగలగొట్టుకున్నాడు. ఇక బరువులెత్తే పని కుదరదన్నారు డాక్టర్లు. గోడౌన్ వాళ్లు ఒక పూల గుత్తి పంపించి ఉద్యోగం తీసేశారు.

అసలు చిక్కు అది కాదు. వాళ్లిద్దరూ ఆ దేశంలో ఉండాలంటే ఇద్దరిలో ఒకరికైనా పని ఉండాలి. లేకపోతే నెలాఖరుకల్లా సామాను సర్దుకోవాల్సిందే. కాలికి ఇంకో ఆపరేషన్ మిగిలి ఉంది. దాన్ని మధ్యలో వదిలేసి వెళ్తే అన్నయ్య మళ్లీ సరిగ్గా నడుస్తాడన్న నమ్మకం నాకు లేదు. నర్సుని కాబట్టి ఆ సంగతి నాకు బాగా తెలుసు, తెలిసినందుకు నిద్ర పట్టేది కాదు.

వదిన పనికి బయల్దేరింది. ఒక లాండ్రీలో వాళ్లు ఏదో అడిగితే నవ్విందట. ఇంకేదో అడిగితే ఇంకాస్త నవ్విందట. వాళ్లూ నవ్వి, మర్యాదగా తలుపు తీసి పట్టుకున్నారు. తర్వాత ఒక హోటల్లో గదులు సర్దే పనికి వెళ్లింది. మంచాలు జరిపి, కిటికీ ఊచల సందులు గుడ్డతో తుడిచి, మధ్యాహ్నం దాకా మొదటి గదిలోంచే బయటికి రాలేదు. అంత శుభ్రం మాకు అక్కర్లేదని వాళ్లు నాకు ఫోన్ చేసి చెప్పారు. ఇంటికొచ్చిన వదిన మూల కుర్చీలో కూర్చుని గోడకేసి చూస్తూ ఉండేది. ఆ నిశ్శబ్దం చూస్తే నాకు భయమేసేది.

చివరికి ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్లో కూరగాయలు తరగడానికి మనిషి కావాలని తెలిసింది. నేనే తీసుకెళ్లాను. అక్కడి హెడ్ కుక్ భారీ మనిషి, గుండు తల, ఎప్పుడూ ఆవిర్లలోనే తిరుగుతుంటాడు. వదిన ఆయనకు చూడగానే "గంగాళం" అని పేరు పెట్టేసింది. "భాష రాకపోయినా ఫరవాలేదు, చేతులాడితే చాలు. ఒక వారం చూస్తాను" అన్నాడాయన నాతో.

చేతులాడటంలో మా వదినకు వంక పెట్టేవాళ్లు లేరు. నిలబడి కత్తితో తరగడం కొత్తే అయినా చూసి చూసి పట్టేసింది. గంగాళం ఏ గిన్నె వైపు చూస్తే ఆ గిన్నె అందించేది. వారం గడిచిపోతుంది, గండం గట్టెక్కినట్టే అనుకున్నాం. సరిగ్గా అప్పుడు ఒక సాయంత్రం వదిన ఏడ్చుకుంటూ ఇంటికొచ్చింది.

"గరిటెతో సూపు తీసుకుని నోట్లో పెట్టుకున్నాడమ్మాయ్. మళ్లీ అదే గరిటె గిన్నెలో ముంచాడు" అంది.

"నువ్వేం చేశావు?"

"ఏం చేస్తాను, తీసి కడిగాను. మళ్లీ ముంచాడు. మళ్లీ కడిగాను. అంతమంది తినే సూపు కదా, ఎంగిలి చేస్తే నా చెయ్యి ఊరుకుంటుందా? పొద్దున్నుంచీ ఇదే వరస. చివరికి ఆ గరిటెతోనే కాస్త తీసి రుచి చూడమని నా నోటి దగ్గర పెట్టాడు. నేను నోరు గట్టిగా మూసుకుని వెనక్కి జరిగాను. అందరూ పని ఆపి మమ్మల్నే చూశారు. ఆయన మొహం కందగడ్డ అయిపోయింది. నా పని అయిపోయినట్టే."

కోపం, జాలి, నవ్వు మూడూ ఒకేసారి వచ్చాయి నాకు. "ఎంగిలి అంటే ఏంటో వాళ్లకి తెలీదు వదినా. ఆయన వంట నీకు అసహ్యమనుకుని ఉంటాడు" అన్నాను. అన్నయ్య బీరువా మీదున్న సూట్‌కేసులు దింపమని నన్ను మెల్లగా అడిగాడు. దింపాను.

మర్నాడు సెలవు పెట్టి వదినతో పాటు వెళ్లాను. దారంతా మాటలు కూర్చుకున్నాను. గంగాళం పొయ్యి దగ్గర నిలబడి ఉన్నాడు, వదిన వైపు చూడను కూడా లేదు. "మా వైపు నోట్లో పెట్టిన గరిటె మళ్లీ గిన్నెలో పెట్టరండీ" అని ఎంతో వినయంగా చెప్పాను. "అంటే నా నోరు మురికిదనా?" అన్నాడాయన. కాదు కాదంటూ ఇంకో నాలుగు మాటలు చెప్పాను. ఆయన మొహం ఇంకా బిగిసింది. భాష వచ్చిన నేను ఉన్నది కాస్తా చెడగొట్టానని అర్థమైంది.

"నువ్వు ఊరుకో అమ్మాయ్" అని వదిన నన్ను పక్కకి నెట్టింది.

పొయ్యి దగ్గరికి వెళ్లి గరిటె తీసుకుంది. సూపు కాస్త తీసి, ఊది, ఎడమ చేత్తో గరిటె పైకెత్తి పట్టుకుని కుడి అరచేతిలో ఒక్క చుక్క వేసుకుంది. నాకింది. మన ఇళ్లలో ఎవరైనా ఉప్పు చూసేది అలాగే, నేనూ అలాగే చూస్తాను, కానీ ఆ సంగతి నాకు తట్టనే లేదు. వదిన కుళాయి కింద చెయ్యి కడుక్కుని వచ్చి, అంత పెద్ద మనిషి చెయ్యి పట్టుకుని తిప్పి, అరచేతిలో అలాగే ఒక చుక్క వేసింది.

గంగాళం తన చేతిని చూసుకున్నాడు. గరిటెను చూశాడు. అది ఎవరి నోటికీ తగలలేదు. నెమ్మదిగా నాకి, ఎలా ఉందన్నట్టు వదినను చూసి కనుబొమలెగరేశాడు. వదిన మొహమాటపడే రకం కాదు. బొటనవేలూ చూపుడువేలూ రాస్తూ కాస్త ఉప్పు పడాలని చూపించింది. ఆయన ఉప్పు వేశాడు, కలిపాడు, ఈసారి తనే అరచేతిలో చుక్క వేసుకుని చూశాడు. తల పంకించి పెద్దగా నవ్వాడు. తర్వాత తన చెయ్యి కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్తూ నాతో ఏదో అన్నాడు.

"ఏమన్నాడు?" అంది వదిన, నా భుజం కుదిపేస్తూ.

"వారం దాకా చూడక్కర్లేదట. ఉద్యోగం నీదే అన్నాడు వదినా."

వదిన అక్కడే ఉన్న బంగాళాదుంపల బస్తా మీద కూలబడిపోయింది. నాకైతే చాలా రోజుల తర్వాత ఊపిరి పూర్తిగా ఆడినట్టనిపించింది.

ఏళ్లు గడిచాయి. అన్నయ్య ఆపరేషన్ బాగా జరిగింది, కొంచెం ఎగుడుదిగుడుగా అయినా నడుస్తాడు, టికెట్లిచ్చే పని దొరికింది. వదిన ఇప్పటికీ ఆ క్యాంటీన్లోనే ఉంది. భాష కూడా వచ్చింది, ఇక ఆవిడను ఆపడం ఎవరి తరమూ కావడం లేదు. అక్కడ కొత్తగా చేరినవాళ్లకు అరచేతిలో రుచి చూడటం గంగాళమే నేర్పిస్తాడట.

కానీ నాకు బాగా గుర్తుండిపోయింది మాత్రం ఉద్యోగం ఖాయమైన రోజు సాయంత్రమే. మేం ఇంటికొచ్చేసరికి అన్నయ్య కాలు స్టూలు మీద పెట్టుకుని, చొక్కాలు మడిచి సూట్‌కేసులో పెడుతున్నాడు. వదిన చెప్పులైనా విప్పకుండా, పొద్దున బస్సెక్కిన దగ్గర్నుంచి జరిగిందంతా చెప్పడం మొదలుపెట్టింది. చెబుతూనే ఆ చొక్కాలు ఒక్కొక్కటే తీసి మళ్లీ బీరువాలో తగిలించింది. మామూలుగా అయితే అన్నయ్య "చాల్లే, అసలు సంగతి చెప్పు" అనేవాడు. ఆ రోజు అనలేదు. "తర్వాత?" అన్నాడు. సూట్‌కేసు ఖాళీ అయింది, కథ కూడా అయిపోయింది, అయినా అన్నయ్య ఆవిడ మొహంలోకి చూస్తూ "తర్వాత?" అని అడుగుతూనే ఉన్నాడు.