తమేరా పేరు మీద కరెంటు

మా వీధిలో కరెంటు ఎవరి పేరు మీద ఉందని అడగడం మర్యాద కాదు. అడిగితే నవ్వులైనా వస్తాయి, గొడవైనా వస్తుంది. పాత బకాయి ఉన్నవాళ్ళకు కంపెనీ కొత్త కనెక్షన్ ఇవ్వదు. అందుకని మొగుడి పేరు మీద ఆపేస్తే పెళ్ళాం పేరు మీద, అదీ ఆపేస్తే పిల్లల పేరు మీద పెట్టించుకునేవారు. నేల మీద పాకే పసివాడే ఆ ఇంటి కరెంటుకు యజమాని. “మీ ఇంటి పెద్దాయన పాలు తాగాడా?” అని ఒకళ్ళనొకళ్ళం ఏడిపించుకునేవాళ్ళం. నాకు పిల్లలు లేరు కాబట్టి నా కరెంటు ఉన్నా పోయినా నా పేరు మీదే.

నా పేరు ఎర్లీన్. మా ఊరు అమెరికాలో, ఆర్కన్సా రాష్ట్రంలో. కోళ్ళ ఫ్యాక్టరీ ఒకటి, స్కూలు ఒకటి, తక్కినవన్నీ చర్చిలు. నేను ఇంట్లో ముందు గదిలో రెండు కుర్చీలు వేసుకుని ఆడవాళ్ళకు జుట్టు చేస్తాను. పక్కింట్లో లొరీతా గాట్లిన్ ఉంటుంది. స్కూలు బస్సు నడిపేది. సాయంత్రం బస్సును ఇంటి ముందే నిలిపేది, శనివారం బకెట్టు పెట్టుకుని తోమేది. ఊళ్ళో సగంమంది మగాళ్ళు చిన్నప్పుడు ఆమె చేత తిట్లు తిన్నవాళ్ళే. మొగుడు కిడ్నీ జబ్బుతో పోయాడు. పోతూ పోతూ ఆసుపత్రి బాకీలన్నీ ఆమె నెత్తిన పెట్టిపోయాడు. ఆ ఏడే ఫైనాన్స్ వాళ్ళు వచ్చి కారు లాక్కుపోయారు. ఇక ఆమె క్రెడిట్ స్కోరు గురించి చెప్పుకోకపోవడమే మంచిది.

కూతురు తమేరాకు లిటిల్ రాక్‌లో నర్సింగ్ సీటు వచ్చింది. ప్రభుత్వం ఇచ్చే సాయం, ప్రభుత్వ లోను పోగా ఇంకా కొంత తక్కువైంది. ఆ కొంతకు ప్రైవేటు లోను తీసుకోవాలి. దానికి మంచి పేరున్నవాళ్ళు ఎవరైనా హామీ సంతకం పెట్టాలి. ఆగస్టులోగా డబ్బు కట్టకపోతే సీటు ఇంకొకరికి పోతుంది.

మా వాళ్ళలో హామీ సంతకం అంటే పామును చూసినట్టు చూస్తారు. ప్రతి ఇంట్లోనూ బావమరిది ట్రక్కుకో, తమ్ముడి ఫర్నిచరుకో సంతకం పెట్టి మునిగిన మనిషి ఒకడుంటాడు. లొరీతా అన్న క్లియోఫస్ మాత్రం ఎవరికీ పెట్టలేదు, ఎవరినీ అడగలేదు. కాగితం మిల్లులో రిటైరయ్యాడు. ఆయన పిసినారితనం ఊరంతటికీ తెలుసు. లొరీతా అడిగితే నెలరోజులు నీళ్ళు నమిలాడు.

“సంతకం అంటే మాటలు కాదే. ముందు చేపలు వేయించి పెట్టు, ఆలోచిస్తా.”

“పోయిన ఆదివారం తిన్నవి అరిగాయా?”

“అరిగాయి. అందుకే గుర్తులేదు.”

చివరికి పెట్టాడు. చర్చిలో పాస్టరు తమేరాను నిలబెట్టి అందరిచేత చప్పట్లు కొట్టించాడు. లొరీతా కొత్త టోపీ పెట్టుకుని ముందు వరసలో కూర్చుంది. ఆ టోపీ ఆమెకు అస్సలు నప్పలేదు. ఆ మాట ఆమెతో అనలేదు.

ఆ వారంలోనే లొరీతా నా కుర్చీలో కూర్చుని ఉంది. జుట్టు సాపయ్యే మందు అప్పుడే తలంతా పట్టించాను. తమేరా ఫోను పట్టుకుని లోపలికొచ్చింది.

“లోను ఇవ్వరంట.”

“మీ మామ పేరు బాగానే ఉందిగా?” అన్నాను.

“మామ పేరు బాగానే ఉంది అత్తా. బాలేనిది నా పేరంట. కరెంటు బిల్లు కట్టకుండా ఎగ్గొట్టానంట. నా పేరు మీద కనెక్షన్ తీసుకున్నప్పటికి నాకు నాలుగేళ్ళు.” ఆ పిల్లకు నవ్వొచ్చింది. “నాలుగేళ్ళకి నాకు స్విచ్చు కూడా అందేది కాదు!”

నవ్వుతూనే అమ్మ ముఖం చూసింది. నవ్వు ఆగిపోయింది.

లొరీతా లేచి పోదామనుకుంది. కానీ తల నిండా మందు. కడగకుండా లేస్తే జుట్టుతోపాటు చర్మమూ ఊడొస్తుంది. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని అద్దంలోకి చూస్తూ కూర్చుంది.

“మీ నాన్న డయాలసిస్ మిషను కరెంటు మీద నడిచేదే తల్లీ,” అంది. “నా పేరు మీద ఇవ్వనన్నారు. ఆయన పేరు మీదా ఇవ్వనన్నారు. నీ పేరు రాసి, ప్రభుత్వం నీకిచ్చిన నంబరు వేశాను. తర్వాత కడదామనుకున్నాను. ఆయన పోయాక... మర్చిపోయాను.”

“మర్చిపోయావా?”

“మర్చిపోయాను.”

నేను గబగబా ఆమె తల కడిగేశాను. తమేరా తలుపు ధడాలున వేసి వెళ్ళిపోయింది.

ఇప్పుడు కట్టేస్తే సరిపోతుందనుకున్నాం. లోను కంపెనీ అమ్మాయి ఫోనులో చల్లగా చెప్పింది: కట్టినా మచ్చ పోదు. ఆ బాకీ తమేరాది కాదని తేలాలి, తేలాలంటే తన పేరును ఎవరో దొంగతనంగా వాడుకున్నారని పోలీసులకు ఫిర్యాదు ఇవ్వాలి. నాలుగేళ్ళ పిల్ల పేరు మీద కనెక్షన్ ఇచ్చిన కరెంటు కంపెనీని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

దొంగ అని రాస్తే లొరీతా బస్సు ఉద్యోగం పోతుంది. పిల్లల్ని ఎక్కించుకునే మనిషి మీద అలాంటి కాగితం ఉండకూడదని రూలు.

“నాకు చదువొద్దు,” అంది తమేరా. “కోళ్ళ ఫ్యాక్టరీలో చేరతా. మళ్ళీ ఏడు చూద్దాం.”

“మళ్ళీ ఏడు అని ఆ ఫ్యాక్టరీలో చేరినవాళ్ళు ఇప్పుడు తాతలయ్యారు,” అంది లొరీతా.

క్లియోఫస్ ఉపాయం చెప్పాడు. “ఎవరు చేశారో తెలీదని చెప్పు. సగంమంది అట్లాగే చెప్తారు. నీ నోట్లోంచి పేరు రానక్కర్లేదు.”

వాళ్ళకు కారు లేదు కాబట్టి స్టేషనుకు నేనే తీసుకెళ్ళాను. బల్ల వెనక డెమారియస్ ఉన్నాడు. చిన్నప్పుడు బస్సు వెనక సీట్లో చేరి అందరినీ గిల్లేవాడు, రోజూ లొరీతా చేతిలో చీవాట్లు తినేవాడు. ఆమెను చూడగానే లేచి నిలబడ్డాడు. తమేరాను అడిగి రాసుకున్నాడు. చివరికి అడిగాడు, “ఎవరు చేశారో తెలుసా?”

“తెలీదు,” అంది తమేరా.

“నేను చేశాను. రాయి,” అంది లొరీతా.

డెమారియస్ పెన్ను పైకెత్తాడు. “ఆంటీ, నేను అడిగింది అమ్మాయిని. మీరు బయట కూర్చోండి. నాకేమీ వినపడలేదు.”

“అయితే ఇంకోసారి చెప్తా విను. నేను చేశాను.”

“మీరు చెప్తే పనికిరాదాంటీ. ఫిర్యాదు ఆమెది. ఆమె నోటితో చెప్పాలి.”

తమేరా తల అడ్డంగా ఊపింది. లొరీతా ఆమె భుజం పట్టుకుని తన వైపు తిప్పుకుంది.

“తెలీదని రాస్తే ఏదో ఒకరోజు ఎవడో ఒకడు తవ్వుతాడు. అప్పుడు అబద్ధమాడింది నువ్వవుతావు. నీ పేరు ఒకసారి నేను పాడుచేశాను. ఇంకోసారి నా కోసం నువ్వు పాడుచేసుకోవద్దు. చెప్పు.”

“అమ్మా, వద్దమ్మా.”

“చెప్పవే!” బస్సులో అరిచే గొంతు అది. డెమారియస్ కూడా ఉలిక్కిపడ్డాడు.

“మా అమ్మ,” అంది తమేరా. ఆ మాట వినపడీ వినపడనట్టు వచ్చింది. డెమారియస్ రాసుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

తర్వాత అన్నీ వాటి దారిన జరిగాయి. కేసు పెట్టేంత పని కాదని వదిలేశారు. మచ్చ పోయింది, లోను వచ్చింది, తమేరా వెళ్ళింది. సెప్టెంబరులో స్కూలు వాళ్ళు వచ్చి బస్సు తాళాలు అడిగారు. లొరీతా ఇచ్చేసింది. ఆ తర్వాతి వారం కోళ్ళ ఫ్యాక్టరీలో చేరింది, కోళ్ళు కోసే లైనులో. సాయంత్రానికి వేళ్ళు ముడుచుకుపోతాయి, నేను నూనె రాస్తాను. కూతురికి ఒక్క ముక్క చెప్పలేదు, నన్నూ చెప్పనివ్వలేదు.

“తెలిస్తే పెట్టె సర్దుకుని వచ్చేస్తుంది. దాని సంగతి నీకు తెలీదు.”

ఒకరోజు లొరీతా నా కుర్చీలో ఉండగానే తమేరా నాకు ఫోను చేసింది.

“అత్తా, అమ్మ బస్సు నడుపుతోందా?”

లొరీతా చేయి ఊపింది. నాకు కోపమొచ్చింది, అయినా అన్నాను, “ఆ, నడుపుతోంది.”

“నువ్వు కూడానా అత్తా? నోరు తెరిస్తే నిజం తప్ప చెప్పవుగా! డెమారియస్ నాకు ఫోను చేసి చెప్పాడు, చాలా రోజులైంది. అమ్మ అక్కడే ఉంది కదూ? స్పీకరు పెట్టు.”

పెట్టాను.

“అమ్మా, భయపడకు. నేను రావడం లేదు.”

లొరీతా అరచేత్తో నోరు మూసుకుంది. కాసేపటికి చేయి తీసింది. “సరే. అయితే ఫోను పెట్టి చదువుకో,” అంది.